నవ్వుతూ పలకరిస్తారు

డాక్టరమ్మ తమ్ముడు జీవితంలో ఒక్క అబద్ధం కూడా ఆడి ఎరగడు. పోనీ, ఆడినా రాసి ఎరగడు. రాసినా, అక్క గురించి రాసిన ఆ కాగితంలో మాత్రం రాయలేదు. సరే, ఒకటి రాశాడు. ఆ ఒక్కటీ పక్కన పెడితే మిగిలినదంతా పచ్చి నిజం. ఆ ఉదయం ఆసుపత్రిలో జరిగిన గందరగోళమంతా ఆ పచ్చి నిజం వల్లే జరిగింది. అబద్ధం వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ఆ రోజుకి డాక్టరమ్మ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కొత్త తెల్లకోటు వేసుకోవాలి. అందరికంటే ముందు ల్యాబుకి చేరాలి. తనిఖీకి వచ్చేవాళ్లకి ల్యాబంతా చూపించాలి. నోరు వీలైనంత తక్కువ తెరవాలి. తనిఖీలో నెగ్గితే ల్యాబుకి గుర్తింపు వస్తుంది. నెగ్గకపోతే ల్యాబు మూసేసి, శాంపిళ్లన్నీ వేరే ఊళ్లో ఉన్న కంపెనీకి పంపించేస్తామని యాజమాన్యం ముందే తేల్చి చెప్పింది. అడిగి, అలిగి, పోట్లాడి ఒక్కో మిషనూ సంపాదించి నిలబెట్టుకున్న గది అది. అందుకే ముందు రోజు అద్దాలు తుడిపించింది, సీసాల మీద పేర్లు సరిచూసింది, తన కుర్చీ కిర్రుమంటోందని దానికి నూనె కూడా వేయించింది.

ఆమె పాథాలజీ డాక్టరు. రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కనో, రక్తపు చుక్కనో మైక్రోస్కోపు కింద పెట్టి, జబ్బు ఏమిటో తేల్చడం ఆమె పని. ఎంబీబీఎస్ చదివి, ఎండీ చదివి, అక్కడితో ఆగలేక క్యాన్సరు కణాల మీద ఇంకో చదువు చదివింది. ఆ పట్టాలన్నీ ఫ్రేము కట్టించి తగిలిస్తే ఇంట్లో గడియారానికి చోటుండదని మంచం కింద పెట్టెలో పెట్టేశారు. ఇంత చదివినా ఆమెను డాక్టరని వీధిలో ఎవరూ నమ్మలేదు. మెళ్లో స్టెతస్కోపు లేదు. మోకాలు నొప్పికి మాత్ర చెప్పమంటే ఎముకల డాక్టరు దగ్గరికి పొమ్మంటుంది. పైగా మనిషి కనబడితే పలకరించదు. ఎదుటివాళ్ల మొహంకేసి కళ్లు చిట్లించి చూసి, ఏదో తేల్చుకున్నట్టు తలాడించి వెళ్లిపోతుంది.

దీనికి అందరికంటే ఎక్కువ నలిగిపోయింది వాళ్ల నాన్న. ఆయనకి వీధి చివర చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. క్షౌరశాలలో కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు, మీ అమ్మాయి ఏం డాక్టరండీ అని అడిగేవాళ్లు. పెద్ద డాక్టరు అనేవాడాయన. దేనికి పెద్ద డాక్టరని అడిగితే అన్నిటికీ అనేవాడు. మరి ఆవిడ దగ్గరికి వెళ్లొచ్చిన రోగి ఒక్కడూ కనబడడేం అని అడిగేసరికి, ఆయన పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. పేపరు తలకిందులుగా ఉందని ఎవరూ ఆయనకి చెప్పేవాళ్లు కాదు.

ఇలాంటి పరిస్థితిలో ఆసుపత్రి వాళ్లు, తమ వెబ్‌సైటులో పెట్టడానికి డాక్టరమ్మ చదువు, అనుభవం, పనివేళలు రాసివ్వమన్నారు. ఆమెకి తీరిక లేదు. తమ్ముడికి తీరిక తప్ప ఏమీ లేదు. అతను అందగాడు, నెమ్మదస్తుడు, వీధిలో అందరి మన్నన పొందినవాడు. అక్క అన్నం తింటుంటే పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్నా అడిగాడు.

"రోగుల్ని ఎలా చూస్తావక్కా?"

"నేను రోగుల్ని చూడను. ముట్టుకోను. ఎక్కడ నొప్పని అడగను. మందు రాయను. రాసుకో."

"మరేం చేస్తావు?"

"జబ్బేంటో చెప్తాను. నేను చెప్పేదాకా మిగతావాళ్లు వైద్యం మొదలుపెట్టరు. ఆపరేషన్ మధ్యలో సర్జను కూడా కత్తి పట్టుకుని నా ఫోన్ కోసం ఆగుతాడు. ఇక నన్ను తిననిస్తావా?"

తమ్ముడు అక్షరం పొల్లుపోకుండా రాశాడు. డాక్టరు గారు రోగిని ముట్టుకోరు. ఎక్కడ నొప్పి అని అడగరు. మందు రాయరు. అయినా జబ్బేమిటో చెప్తారు. కత్తి పట్టిన సర్జను సైతం మధ్యలో ఆగి ఆమె మాట కోసం ఎదురు చూస్తారు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఒక్క రోగి కూడా ఆమె మీద ఫిర్యాదు చేయలేదు. ఈ చివరి మాట కూడా నిజమే, ఎందుకంటే ఒక్క రోగి కూడా ఆమెను చూడలేదు. పనివేళల దగ్గర, ఉదయం నుంచి సాయంత్రం దాకా ల్యాబులోనే ఉంటారని రాశాడు. ఇంతా రాశాక అడుగున కాస్త జాగా మిగిలింది. బోసిగా ఉందని తమ్ముడు ఒక వాక్యం చేర్చాడు: ఎవరు వెళ్లినా నవ్వుతూ పలకరిస్తారు.

ఆ ఒక్క అబద్ధం అదే.

వెబ్‌సైటుకి పంపే ముందు అచ్చుతప్పులు చూడమని ఆ కాగితం నాన్నకి ఇచ్చాడు. ఆయన చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. కూతురు ఏం చేస్తుందో ఆయనకి మొట్టమొదటిసారి అర్థమైంది. నేరుగా ప్రెస్సుకి వెళ్లి తలుపేసుకున్నాడు. తనిఖీ రోజు తెల్లారేసరికి, చుట్టుపక్కల వీధుల్లో పేపరు వేయించుకునే ప్రతి ఇంట్లోనూ, పేపరు మడతలోంచి పసుప్పచ్చ కరపత్రం ఒకటి జారిపడింది. మీద కూతురి ఫొటో, కింద పట్టాలన్నీ లావుపాటి అక్షరాల్లో, ఆ కింద తమ్ముడు రాసిన నిజాలు.

డాక్టరమ్మ పక్క గేటులోంచి ల్యాబుకి వెళ్లి, కోటు గుండీలు పెట్టుకుంటుండగా రిసెప్షన్లో టోకెన్లు ఇచ్చే అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడం, మీకోసం పేషెంట్లు వచ్చారు."

"నాకోసం పేషెంట్లు రారమ్మా. శాంపిళ్లు వస్తాయి."

"కాదు మేడం, మనుషులే. మొత్తం మనుషులే వచ్చారు."

తలుపు తీసి చూస్తే నిజమే. వరండా ఈ చివర నుంచి మెట్ల దాకా జనం. అందరి చేతుల్లోనూ పసుప్పచ్చ కాగితాలు. వరస మొదట్లో ఒక బక్కపల్చని మనిషి నిలబడి ఉన్నాడు. చొక్కా ఇస్త్రీది, గుండీలు మాత్రం ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. డాక్టరమ్మ అలవాటు ప్రకారం ఆయన మొహంకేసి కళ్లు చిట్లించి చూసింది. వెనక ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టారు.

"ఏంటండీ?"

"మీరే చెప్పాలి."

"నేనేం చెప్పాలి?"

"అదే, మీరే చెప్పాలి."

మొదలైపోయిందర్రా అని వెనకాల ఎవరో గుసగుసలాడారు. ఇంకొకాయన, తన వంతు రాకముందే చూసేస్తుందేమోనని మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఒకావిడ కూతుర్ని మోచేత్తో పొడిచి, నిటారుగా నిలబడవే, కడుపులో ఉన్నవన్నీ మడతలు పడితే ఆవిడకి ఎలా కనబడతాయి అని కసిరింది. డాక్టరమ్మ తలుపు మూసి, గొళ్లెం పెట్టి, తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ సంభాషణలో తమ్ముడి వైపు నుంచి మాటలేమీ లేవు.

తమ్ముడు వచ్చేలోపల సర్జను వచ్చాడు. పైనుంచి మెట్లు దిగి, జనాన్ని తోసుకుంటూ, చేతిలో అదే పసుప్పచ్చ కాగితంతో వచ్చాడు. ఆయన మొహం కందగడ్డలా ఉంది.

"ఏంటి మేడం ఇది? నేను కత్తి పట్టుకుని మీ మాట కోసం ఎదురు చూస్తానా?"

"చూస్తారు కదా."

సర్జను ఒక్క క్షణం ఆలోచించి, చూస్తానుగానీ అది కాగితం మీద వేసుకుంటారా అన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. పైన ఒకావిడని ఆపరేషన్‌కి సిద్ధం చేసి ఉంచారు. కడుపులో గడ్డ. చెడ్డదైతే చుట్టూ ఉన్నవి కూడా తీసేయాలి, పెద్ద ఆపరేషన్. కాకపోతే గడ్డ తీసి కుట్టేయడమే. అంతా సిద్ధం, కానీ ఆవిడ భర్త సంతకం పెట్టకుండా ఈ కాగితం పట్టుకుని కిందికి వచ్చేశాడు. కింద ఉన్న డాక్టరమ్మ చెప్పందే కొయ్యనివ్వనన్నాడు.

"ఏడీ ఆయన?"

సర్జను చూపించాడు. వరస మొదట్లో, గుండీలు తప్పి పెట్టుకున్న మనిషి.

డాక్టరమ్మ ఆయన దగ్గరికి వెళ్లింది. ఏం మాట్లాడాలో తెలియలేదు. జబ్బు గురించి ఆమె ఎప్పుడూ చెప్పింది కాగితానికో, ఫోనుకో. ఎదురుగా కళ్లున్న మనిషికి ఎప్పుడూ చెప్పలేదు.

"సంతకం పెట్టండి. ముందు గడ్డ తీసి నా దగ్గరికే పంపుతారు. నేను చూసేదాకా ఆ తర్వాతి పని చెయ్యరు."

"ఆవిణ్ణి ముట్టుకోకుండానే చెప్పగలరు కదమ్మా?"

"చెప్తాను."

ఆయన సంతకం పెట్టి, ల్యాబు తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. సర్జను పైకి వెళ్లిపోయాడు.

అప్పుడొచ్చాడు తమ్ముడు. వచ్చీరాగానే బల్లెక్కి, డాక్టరమ్మ పక్క గేటులోంచి వెళ్లిపోయారు, అందరూ ఇళ్లకి వెళ్లిపొమ్మని ప్రకటించాడు. మంచి ఎత్తుగడ. పారేది కూడా. కానీ అప్పుడే వరండా చివర్నుంచి నాన్న గొంతు వినబడింది. మిగిలిన కరపత్రాలు పంచుతూ ఆయన కూడా వచ్చేశాడు.

"ఎక్కడికి వెళ్లిందిరా? లోపలే ఉంది. అన్నం డబ్బా మర్చిపోతే ఆ పక్క గేటులోంచే వెళ్లి ఇప్పుడే ఇచ్చొచ్చాను." తర్వాత జనం వైపు తిరిగి, "మా అమ్మాయండీ. కంగారు పడకండి, సాయంత్రం దాకా ఉంటుంది. అందరినీ చూస్తుంది" అన్నాడు.

క్షౌరశాలలో పేపరు వెనక దాక్కున్న మనిషి ఇప్పుడు గుండెలు విరుచుకుని వరస సరిచేస్తున్నాడు. పెద్దవాళ్లని ముందుకి పంపుతున్నాడు. ఆయన మొహంలో వెలుగు చూశాక, నాన్నా కొంప మునిగిందని చెప్పడం తమ్ముడి వల్ల కాలేదు. అక్క మాత్రం ల్యాబు అద్దాల కిటికీ వెనకనుంచి గడియారం వైపు చూపించి, చేత్తో పీక కోసుకుంటున్నట్టు సైగ చేసింది. తనిఖీ వాళ్లు వచ్చే వేళైంది.

తమ్ముడికి ఇంకో ఉపాయం తట్టింది. నిజం వల్ల వచ్చిన చిక్కు ఇంకాస్త నిజంతోనే పోవాలి. ఒక కరపత్రం తిప్పి, వెనకవైపు పెద్ద అక్షరాలతో రాసి, ల్యాబు తలుపుకి అంటించాడు. డాక్టరు గారు మనుషుల్ని చూడరు. మనిషిలోంచి తీసిన ముక్కను మాత్రమే చూస్తారు.

ఇదీ అక్షరాలా నిజమే. ముందున్నవాళ్లు చదివారు. చదివి, వెనకున్నవాళ్లకి చెప్పారు. మధ్యలోకి వెళ్లేసరికి అది తలుపు తియ్యగానే ముక్క తీస్తారట అని మారింది. మెట్ల దగ్గరికి చేరేసరికి, ఇప్పటికే కొందరికి తీసేశారట, పెద్దాయనెవరో లోపలే ఉండిపోయాడట అని స్థిరపడింది. జనం ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. చెప్పుల చప్పుడుకి పైకప్పు మీది పావురాలు లేచాయి. తువ్వాలాయన అందరికంటే ముందు పరిగెత్తాడు. కాళ్ల నొప్పికి చూపించుకుందామని వచ్చిన మనిషి ఆయన.

కొందరు ధైర్యస్తులు మాత్రం మిగిలారు. అందులో ఒక మీసాలాయన చొక్కా చేయి పైకి మడిచి, ఎక్కణ్ణుంచి తీస్తారు, నాకైతే ఎడం చెయ్యి పెద్దగా పని లేదు అన్నాడు.

పరిగెత్తేవాళ్లు గేటు దగ్గర ఒకావిణ్ణి గుద్దుకున్నారు. వెంట్రుకలు నెరిసిన పెద్దావిడ, చేతిలో బ్యాగు. తనిఖీకి వచ్చింది ఆవిడే. ముప్ఫై ఏళ్లుగా పాథాలజీ డాక్టరు. లోపలికి వెళ్లకండమ్మా, మనుషుల్లోంచి ముక్కలు తీస్తున్నారు అని తువ్వాలాయన రొప్పుతూ చెప్పాడు.

"ఎంత సైజువి?" అంది ఆవిడ.

తువ్వాలాయన ఆవిడ వైపు కూడా భయంగా చూసి, మళ్లీ పరుగందుకున్నాడు.

ఈ దశలో తమ్ముడు, పరిస్థితిని దూరం నుంచి ప్రశాంతంగా గమనించడం మేలని భావించి, ల్యాబులో ఒక మూలకి తప్పుకున్నాడు.

తనిఖీ ఆవిడ వరండాలో నడుస్తూ, నేలమీద పడి కాళ్లకింద నలిగిన పసుప్పచ్చ కాగితం ఒకటి తీసుకుంది. తలుపు మీద చీటీ చదివింది. లోపలికి వచ్చి కూర్చుని, కళ్లజోడు సవరించుకుని కరపత్రం మొత్తం చదివింది. డాక్టరమ్మ ఎదురుగా నిలబడింది. కొత్తకోటు చంకలో చెమటకి తడిసింది. తన ల్యాబు తన కళ్లముందే మూటగట్టుకుని వెళ్లిపోతున్నట్టనిపించింది.

"ఇది మీరు వేయించారా?"

"మా నాన్నగారు."

"రాసింది?"

డాక్టరమ్మ గదిలో ఒక మూలకి చూసింది. అక్కడ ఎవరూ కనబడలేదు.

"ఇందులో రాసినవాటికి రుజువులు చూపించగలరా?" అని ఆవిడ అడుగుతుండగా ఫోను మోగింది. పైనుంచి సర్జను. గడ్డ తీశాను, ముక్క పంపుతున్నాను, కడుపు తెరిచే ఉంచాను, ఆగాను, చెప్పండి అన్నాడు. గదంతా వినబడింది.

ఆ తర్వాత డాక్టరమ్మకి తనిఖీ గుర్తులేదు. జనం గుర్తులేదు. ముక్క రాగానే తిప్పి తిప్పి చూసి, కోయవలసిన చోట కోసింది. గడ్డకట్టించే మిషనులో పెట్టింది. అది రాయిలా బిగుసుకున్నాక, ఉల్లిపొర కంటే పల్చటి పొర తీసి గాజుపలక మీద పరిచింది. రంగుల్లో ముంచింది. మైక్రోస్కోపు దగ్గర కూర్చుంది. నూనె వేసిన కుర్చీ చప్పుడు చెయ్యలేదు. అద్దం అవతల, గుండీలు తప్పి పెట్టుకున్న మనిషి ఆమె వీపు వైపే చూస్తున్నాడు. ఆయన పక్కన నాన్న. నాన్న పక్కన చొక్కా చేయి మడిచిన మీసాలాయన. కూతురు పని చేస్తుండగా నాన్న చూడటం అదే మొదటిసారి. ఆమె మొహం కనబడటం లేదు, పలకని తిప్పే వేలు ఒక్కటే కనబడుతోంది. ఆ వేలికేసే చూస్తూ, చేతిలో ఉన్న కరపత్రాలు ఆయన తనకి తెలియకుండానే మడత మీద మడత పెట్టాడు.

ఆమె ఒక్కచోట ఆగలేదు. అంచు నుంచి అంచుదాకా చూసింది. మళ్లీ వెనక్కి వచ్చి చూసింది. తర్వాత ఫోనెత్తింది.

"చెడ్డది కాదు. ఇంకేం తియ్యక్కర్లేదు. కుట్టేయండి."

తనిఖీ ఆవిడ లేచి వచ్చి, తను కూడా మైక్రోస్కోపులోకి చూసింది. చాలాసేపు చూసి లేచింది.

డాక్టరమ్మ తలుపు తీసింది. ఆ మనిషి ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. ఆమె నోట్లోంచి రిపోర్టు భాషే వచ్చింది. చెడ్డ కణాల ఆనవాళ్లు లేవు అంది. ఆయనకి అర్థం కాలేదు.

"అంటేనమ్మా?"

"అంటే, భయం లేదు. నాలుగు రోజులాగి ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు."

"గడ్డనా?"

"మీ ఆవిడని."

అంటూ డాక్టరమ్మ నవ్వింది. మామూలుగా కాదు, పళ్లన్నీ కనబడేలా నవ్వింది. ఆ మనిషి కూడా నవ్వబోయి, నవ్వలేక, చొక్కా అంచుతో మొహం తుడుచుకోబోయి, అప్పుడు గమనించాడు గుండీల సంగతి. నాన్న ముందుకొచ్చి, ఆయన గుండీలు విప్పి సరిగ్గా పెట్టాడు. అదిగో ఆవిడే మా అమ్మాయి అని, అక్కడ తెలియనివాళ్లెవరూ లేకపోయినా, ఒకసారి చెప్పాడు.

తనిఖీ ఆవిడ ఇదంతా తలుపు దగ్గర నిలబడి చూసింది. కరపత్రంలో ఒక్కో వాక్యం పక్కనా పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ వచ్చింది. ముట్టుకోలేదు, సరే. అడగలేదు, సరే. సర్జను ఆగాడు, తన చెవులతోనే విన్నది. చివరి వాక్యం దగ్గర పెన్ను కాసేపు ఆపి, డాక్టరమ్మ మొహం చూసి, అక్కడా పెట్టేసింది.

"ముప్ఫై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నానమ్మా. నేనేం చేస్తానో మా ఇంట్లోవాళ్లకి ఇప్పటికీ తెలీదు. మా ఆయనైతే రక్తాలు తీస్తుందని చెప్తాడు" అంటూ నాన్న వైపు తిరిగింది. "ఈ కాగితం ఒక పాతిక ఇప్పిస్తారా?"

ఫొటో మార్చి కొత్తవి వేసిస్తానన్నాడు నాన్న.

ల్యాబుకి గుర్తింపు వచ్చింది. లోపాలు అన్నచోట ఒకటే రాసింది ఆవిడ, వరండాలో కుర్చీలు లేవని. యాజమాన్యం కుర్చీలు వేయించింది. అవి ఊరికే ఉండటం ఎందుకని, రోజూ సాయంత్రం ఒక గంట డాక్టరమ్మ బయట కూర్చుని, ఇళ్లవాళ్లకి రిపోర్టులు విడమరిచి చెప్పాలంది. మొదట్లో డాక్టరమ్మ విసుక్కుంది. ఇప్పుడు ఆ గంట కాస్తా పొడుగవుతోంది. క్షౌరశాలలో నాన్నని ఏం డాక్టరని ఎవరూ అడగడం లేదు. అడక్కపోయినా ఆయన చెప్తున్నాడు. మీసాలాయన అప్పుడప్పుడూ వచ్చి, తన ఎడం చెయ్యి సంగతి ఏం చేశారని కనుక్కుని వెళ్తున్నాడు.

ఇంతటితో ఆగితే బాగుండేది. ఈ కథంతా అచ్చుకి ఇచ్చే ముందు అక్క చూస్తానంది. గాజుపలక చూసినట్టే, అంచు నుంచి అంచుదాకా చూసింది. వెనక్కి వచ్చి మళ్లీ చూసింది.

"ఒరేయ్, ఈ అందగాడూ నెమ్మదస్తుడూ ఎవడ్రా? మనింట్లో ఉన్నది నువ్వొక్కడివే కదా."

"నేనేనక్కా."

"ప్రశాంతంగా గమనించడమంటే, నా బల్ల కింద నక్కడమా?"

ఒప్పుకుంటున్నాను. బల్ల కిందే ఉన్నాను. నాకు తనిఖీ ఆవిడ చెప్పులు తప్ప ఏమీ కనబడలేదు, ఆవిడ మొహం గురించీ పెన్ను గురించీ రాసినదంతా నాన్న చెబితే విన్నదే. మొదటి వాక్యం కూడా కొట్టేయమంటే కొట్టేస్తాను.

అక్క కళ్లు చిట్లించి నా మొహంకేసి చూసింది. ముట్టుకోలేదు, ఏమీ అడగలేదు, మందూ రాయలేదు.

"ప్రమాదం లేదు" అంది. "కానీ పెరిగే రకం. కనిపెట్టి ఉండాలి."